మగ్గమూ, కుంచే

ఆదోని జిన్నింగు మిల్లు మెకానిక్కు రాత్రిపూట చిత్రలేఖనం నేర్వబోతే, పని కూటికీ కళ తీరికకూ అని హితవు చెప్పేవారున్నారు. ఈ విభజనను నేనొప్పను.

మాచాని సోమప్ప పూనికతో 1938లో చేనేత సహకార సంఘం వెలసిన ఎమ్మిగనూరును చూడండి. జకార్డు నేతలో నమూనాను గళ్ళ కాగితంమీద గీసి, అట్టలకు రంధ్రాలు కొడతారు. ఏ పేకకు ఏ పడుగు పోగులు లేవాలో అట్ట నిర్ణయిస్తుంది. లెక్క తప్పితే పువ్వే చెడుతుంది. ఇక యంత్రజ్ఞానమెక్కడ ముగిసింది, కళ ఎక్కడ మొదలైంది? గీసేది ఒకరు, నేసేది మరొకరు అయినప్పుడే ఆ రెండూ విడిపోయాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది. ఇంటి మగ్గానికి అదీ దక్కలేదు. కళ నేర్వగోరే శ్రామికునికి ఓపిక బోధించేకంటె, అతని పొద్దులో రెండు గంటలు అడిగి సాధించడం మన విమర్శకుల బాధ్యత.