సంచిలో రెండు ఆపిల్స్

పోయిన ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి నేనొక కొండ మీద సొమ్మసిల్లి పడిపోయాను. డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలు వచ్చి లేపేదాకా, అంటే రాత్రి తొమ్మిదింటిదాకా, అక్కడే పడి ఉన్నాను. ఆ టైములో నేను పెరుగన్నం తిని సోఫాలో గుర్రుపెట్టానని మా ఆవిడ అంటోంది. ఆవిడ చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే.

కొండ పేరు మౌంట్ థండర్. ఉన్నది స్విచ్ అనే వీడియో గేమ్ పరికరం తెర మీద. ఆట పేరు పోకెమాన్ మిస్టరీ డంజన్: రెస్క్యూ టీమ్ డీఎక్స్. ఎండాకాలం సెలవులకి వచ్చిన మా బావ తన పాత స్విచ్ నాకిచ్చి వెళ్ళాడు. పదకొండేళ్ళ మేనకోడలు చిట్టి దగ్గర వేరేది ఉంది. "మావయ్యా, నువ్వు ఇది ఆడు. చాలా ఈజీ, చిన్నపిల్లలది" అని తనే ఎక్కించింది. చిన్నపిల్లలదే. బొమ్మలన్నీ నీళ్ళరంగులతో వేసినట్టు, కథల పుస్తకంలోంచి లేచొచ్చినట్టు ఉంటాయి. ఒకరోజు నిద్రలేచేసరికి మనిషివి కాస్తా పోకెమాన్‌వి అయిపోయి ఉంటావు. ఏ పోకెమాన్‌వో తేల్చడానికి ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. నేను బుద్ధిగా జవాబులన్నీ చెబితే సైడక్ అని తేల్చింది. సైడక్ అంటే ఎప్పుడూ తలనొప్పితో తల పట్టుకుని నిలబడే పసుప్పచ్చ బాతు. నచ్చకపోతే పదహారింట్లో ఇంకోటి ఎంచుకోవచ్చు. కానీ వారం వారం కాలమ్ రాసేవాడికి అంతకంటే సరిపోయే బొమ్మ దొరకదని ఒప్పేసుకున్నాను. తోడుగా నెత్తిన ఆకు మొలిచిన చికొరీటా వచ్చింది.

మీ ఇద్దరూ కలిసి ఒక రక్షణ దళం పెడతారు. ఊళ్ళో ఎవరి పిల్లో అడవిలో తప్పిపోతుంది, ఎవరి చెల్లెలో గుహలో చిక్కుకుంటుంది. వెళ్ళి తీసుకురావాలి. మొట్టమొదటి పని టైనీ వుడ్స్ అనే చిట్టడవిలో చిక్కుకున్న ఓ గొంగళిపురుగు పిల్లని తల్లి దగ్గరికి చేర్చడం. అడవైనా గుహైనా కొండైనా అమరిక ఒక్కటే: అంతస్తులు, గదులు, వాటిని కలిపే ఇరుకు దారులు, ఎక్కడో ఓ మూల మెట్లు. మెట్లు దొరికితే తరువాతి అంతస్తు. మళ్ళీ వెళితే గదులు మారిపోతాయి, మెట్లు ఇంకోచోటికి పోతాయి. నిన్న నేర్చుకున్న దారి ఇవాళ పనికిరాదు.

అసలు కిటుకు వేరే ఉంది. ఇందులో నువ్వు అడుగేస్తేనే లోకం అడుగేస్తుంది. నువ్వు ఆగితే శత్రువూ ఆగుతాడు. ఒక అడుగో, ఒక దెబ్బో, ఒక పండు తినడమో ఏదైనా ఒక ఎత్తు. తరువాత అవతలివాళ్ళ ఎత్తు. బటన్లు టకటకా నొక్కే వేళ్ళు అక్కర్లేదు. చుట్టూ ముగ్గురు మూగినా ఫోన్ మాట్లాడి, పాలపొంగు చూసుకుని వచ్చి, అప్పుడు ఏం చేయాలో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. యాభై దాటిన నాలాంటి కొత్తవాడికి ఈ మర్యాద ఇంకే వీడియో గేమూ చేయలేదు.

నాకిది ఎక్కడో తెలిసిన ఆటలానే తోచింది. రెండు మూడు వారాలు ఆడాక గుర్తొచ్చింది. పటం వైకుంఠపాళిది, ఎత్తులు పులిజూదానివి. మా అమ్మమ్మ ఇంట్లో ముక్కోటికి వైకుంఠపాళి పరిచేవాళ్ళు. పైవరసలో పెద్దపాము నోట్లో పడి మొదటికొస్తే ఏడుపొచ్చేది కానీ సిగ్గేసేది కాదు. తప్పు గవ్వలది. అరుగు మీద సుద్దతో గీసిన పులిజూదంలో అలా కుదరదు. మూడు పులులు, పదిహేను మేకలు, గవ్వల్లేవు. పులి మేకల మధ్య ఇరుక్కుందంటే దాన్ని అక్కడికి నడిపించింది నువ్వే. ఈ డంజన్ ఆట రెంటినీ కలిపింది. మెట్లు ఎక్కడ పెట్టాలో, ఏ గదిలో ఎవరు కాపుకాయాలో గవ్వలు తేలుస్తాయి. అక్కడ ఎలా నిలబడాలన్నది నీ చేతిలో పని. అందుకే ఓడిపోతే సగం ఏడుపు, సగం సిగ్గు.

కొండ మీద జరిగింది చెబుతాను. మౌంట్ థండర్ కరెంటు జీవుల రాజ్యం. నా సైడక్ నీటి జాతిది, కరెంటు తగిలితే దెబ్బ ఎక్కువ. చికొరీటా ఆకు జాతిది, దానికి కరెంటు అంతగా ఎక్కదు. బుద్ధున్నవాడైతే దాన్ని ముందుంచి తను వెనక నడవాలి. నేను బటన్ నొక్కిపట్టి పరుగు లంకించుకున్నాను. ఒక గది గుమ్మంలోంచి చూస్తే నేలనిండా వస్తువులు: పళ్ళు, గింజలు, నాణేలు. గదిలో ఎవరూ లేరు. చిన్నప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ చదివి పెరిగినవాడు, ఖాళీ గదిలో నిధి కనబడితే ఏం చేయకూడదో తెలియాల్సినవాడు, నేరుగా గది మధ్యకి వెళ్ళిపోయాను. పైనుంచి దబదబా దిగారు. దీన్ని మాన్‌స్టర్ హౌస్ అంటారట. ఎటు చూసినా ఒకడు. నాలుగు దిక్కులూ, నాలుగు మూలలూ, మొత్తం ఎనిమిది వైపులా. మేకలు చుట్టుముట్టిన పులిని నేను.

అప్పుడు కూడా సమయం ఉంది. నేను కదిలితేనే కదా వాళ్ళు కదిలేది. నాలుగడుగులు వెనక్కి వేసి ఇరుకు దారిలోకి దూరితే, ఎంతమంది ఉన్నా ఎదురుగా నిలబడగలిగేది ఒక్కడే. ఒక్కొక్కణ్ణీ తీరిగ్గా పంపొచ్చు. ఈ ఆట మొత్తంలో నేర్చుకోవాల్సిన విద్య ఒక్కటంటే అదే: గదిలో కాదు, సందులో నిలబడు. ఆ విద్య నాకు తెలుసు కూడా. కానీ కాలి దగ్గర ఒక రివైవర్ సీడ్ కనబడింది, పడిపోతే ప్రాణం పోసే గింజ. దాన్ని తీసుకుందామని ఒక్క అడుగు ముందుకేశాను. ప్రాణం పోసే గింజ కోసం ప్రాణం పోగొట్టుకున్న బాతు లోకంలో నాదొక్కటే అయ్యుంటుంది.

ఈ ముద్దు బొమ్మల వెనక ఉన్న ఎముకలు చాలా పాతవి, చాలా కటువైనవి. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు రోగ్ అని ఒక ఆట రాశారు, తరువాత కెన్ ఆర్నాల్డ్ వాళ్ళతో కలిశాడు. బొమ్మల్లేవు. తెర నిండా అక్షరాలే. నువ్వంటే ఈమెయిల్ అడ్రసులో వచ్చే అట్ గుర్తు. రాక్షసులంటే ఏ నుంచి జెడ్ దాకా ఇరవయ్యారు ఇంగ్లిష్ అక్షరాలు; డి అంటే డ్రాగన్, జెడ్ అంటే జాంబీ. నేలమాళిగ అడుగుకి దిగి ఒక తాయెత్తు తీసుకుని మళ్ళీ పైకి రావాలి. చస్తే చచ్చావంతే. దాచుకున్న ఆటని తెరవగానే ఆ ఫైలు చెరిగిపోయేది, రెండో ప్రయత్నం లేకుండా.

ఈ కఠినమైన సరుకుని జపాన్‌లో చున్‌సాఫ్ట్ కంపెనీ అందుకుంది. డ్రాగన్ క్వెస్ట్ మొదటి ఆటకి ప్రోగ్రామ్ రాసిన కొయిచి నకమురా పెట్టిన కంపెనీ అది. 1993లో వాళ్ళు మొదటి మిస్టరీ డంజన్ తెచ్చారు. హీరోగా ఏ వీరుణ్ణో కాకుండా డ్రాగన్ క్వెస్ట్ నాలుగో భాగంలో జనం అప్పటికే ఇష్టపడ్డ టొర్నెకోని, బొజ్జ ఉన్న వ్యాపారిని, పెట్టారు. వెయ్యిసార్లు ఆడుకోదగ్గ ఆట అని ప్రచారం చేశారు. 1997లో అదే గుహలోకి స్క్వేర్ కంపెనీ వాళ్ళ చొకొబో అనే పసుప్పచ్చ పక్షి దిగింది. 2005లో పోకెమాన్‌లు దిగాయి. నేను ఆడుతున్నది ఆ 2005 ఆటకే 2020 మార్చిలో వేసిన కొత్త రంగు. ప్రతిసారీ మొహం ఇంకాస్త గుండ్రంగా, ఇంకాస్త ముద్దుగా అయింది.

మొహం మార్చినంత మాత్రాన ఆట తేలికవుతుందా? అవదనే నేను మొదట అనుకున్నాను. చేదుమాత్రకి పంచదార పూతలాగా, బొమ్మ చూపించి పిల్లల్ని లోపలికి లాగడమేననుకున్నాను. అది పొరపాటని పడ్డాక గానీ తెలియలేదు. రోగ్‌లో పడితే అంతా పోతుంది. ఇక్కడ పడి లేచే దారి లేకపోతే డబ్బూ సంచిలోని సామానూ పోతాయి, నేర్చుకున్నది మాత్రం పోదు. సైడక్ ఎంత పెరిగిందో అంతే ఉంటుంది. ఆకలి ఉంది, నడిచేకొద్దీ కడుపు ఖాళీ అవుతుంది, ఆపిల్ తినకపోతే అడుగడుగుకీ ప్రాణం తరుగుతుంది. ఎక్కువసేపు ఒకే అంతస్తులో తచ్చాడితే గాలి లేచి బయటికి విసిరేస్తుంది. ఉచ్చులున్నాయి, దొంగలున్నారు. రోగ్ కష్టాల్లో చాలావాటిని అలానే ఉంచారు. పడ్డాక ఏం జరుగుతుందన్నది మార్చారు.

పడగానే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: సాయం కోసం ఎదురుచూస్తావా, వదిలేస్తావా? చూస్తానంటే అంకెలూ అక్షరాలూ గుర్తులూ కలిసిన పొడుగాటి సంకేతం ఇస్తుంది. దాన్ని ఈ ఆట ఉన్న ఇంకెవరికైనా పంపాలి. వాళ్ళు తమ ఆటలో అది ఎక్కించుకుని, అదే కొండ ఎక్కి, నువ్వు పడ్డ అంతస్తుదాకా రావాలి. అప్పుడు వాళ్ళకి ఇంకో సంకేతం వస్తుంది. అది నీకు పంపితే, నువ్వు ఎక్కించుకుంటే, బాతు లేచి నిలబడుతుంది. సంచి సంచిలానే ఉంటుంది. 2005 ఆటలోనూ ఈ ఏర్పాటు ఉంది, పిల్లలు సంకేతాలు కాగితం మీద రాసుకుని స్నేహితులకి ఇచ్చుకునేవాళ్ళు. రోజూ ఇతరులని కాపాడే దళం పెట్టినవాణ్ణి ఒకరోజు ఎవరో కాపాడాల్సి రావడం ఇందులోని అసలు కథ అని నా అభిప్రాయం. తెర మీద చెప్పే కథకంటే ఇదే బాగుంది.

నేను తెర ఫోటో తీసి చిట్టికి వాట్సాప్‌లో పంపాను. డల్లాస్‌లో అప్పుడు తెల్లవారుజామున నాలుగు. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసింది.

"మావయ్యా, బ్యాగ్‌లో ఏమేం పెట్టుకెళ్ళావు?"

"రెండు ఆపిల్స్, నాలుగు ఓరన్ బెర్రీలు. మిగతాదంతా రాళ్ళు."

"రాళ్ళెందుకు?"

"విసరడానికి. ఊరికే దొరికాయి కదా అని..."

"ఎస్కేప్ ఆర్బ్ లేదా?"

ఎస్కేప్ ఆర్బ్ అంటే పగలగొట్టగానే దళం మొత్తాన్ని ఇంటికి చేర్చే గోళం. ఉంది, గోదాములో. దాచుకున్నాను. ఎప్పుడో అవసరానికి పనికొస్తుందని, అవసరం వచ్చే చోటికి తీసుకెళ్ళకుండా. మా నాన్న కొత్త గొడుగుని బీరువాలో పెట్టి వానలో తడుస్తూ ఆఫీసుకి వెళ్ళేవాడు. రక్తంలోనే ఉంది.

"మావయ్యా, నువ్వు వెళ్ళేముందు ఆలోచించవు, వెళ్ళాక ఆలోచిస్తావు" అంది చిట్టి. నాకు ఉద్యోగంలో ముప్ఫయ్యేళ్ళుగా రాసిన రిపోర్టులన్నీ కళ్ళముందు తిరిగాయి. అరగంటలో సంకేతం పంపింది.

ఆ తరువాత నేను ఈ ఆటలో ఎక్కువ సమయం గడుపుతున్నది గుహలో కాదు, ఊళ్ళో గోదాము ముందు. సంచి సర్దుకోవడం ఒక పని అని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అన్నీ పట్టవు. దారిలో దొరికేవాటికి చోటు వదలాలి, అలాగని ఖాళీగా వెళ్ళకూడదు. కరెంటు కొండకైతే ఒకలా, మంచు కొండకైతే ఇంకోలా. తిండి ఎంత, మందు ఎంత, పారిపోయే దారి ఏది? మా అమ్మ తిరుపతి ప్రయాణానికి పులిహోర పొట్లాలు లెక్కపెట్టేది, చేతిలో డబ్బు మూడుచోట్ల దాచేది. ఆవిడ ఈ ఆట ఆడి ఉంటే ఒక్కసారి కూడా పడి ఉండేది కాదు.

ఒక్క ఫిర్యాదు చెప్పి తీరాలి. ఈ 2020 రూపంలో ఆటో మోడ్ అని ఒకటి పెట్టారు. బటన్ నొక్కితే బాతు తనంతట తనే నడుచుకుంటూ మెట్లు వెతుక్కుంటుంది, శత్రువు ఎదురైతేనే ఆగి నిన్ను పిలుస్తుంది. కొత్తవాళ్ళకోసమే పెట్టి ఉంటారు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం దాకా సరే, ఇది నమిలి పెట్టడం. నడకే ఈ ఆట. ఏ సందులో ఆగాలి, ఏ గుమ్మం దగ్గర తొంగిచూడాలి అన్నది నడకలోనే తెలుస్తుంది. నేను దాన్ని ముట్టుకోవడం మానేశాను. చిట్టి మాత్రం హోంవర్క్ చేసుకుంటూ ఆటోలో వదిలేస్తుందట. దీనిమీద మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

దుకాణం సంగతి కూడా ఆమే చెప్పింది. గుహల మధ్యలో ఒక్కోసారి కెక్లియన్ అనే ఊసరవెల్లి చాప పరిచి సరుకులమ్ముతుంటుంది. డబ్బివ్వకుండా సరుకుతో బయటికి నడవొచ్చు, ఆట అడ్డం చెప్పదు. రెండో అడుగుకే ఊసరవెల్లులు వెంటపడతాయి, వాటి దెబ్బకి తట్టుకునేవాడు లేడు. "ఒక్కసారి చేసి చూడు మావయ్యా, ఫన్ ఉంటుంది" అంది. చేసి చూశాను. ఫన్ ఎవరికో నాకు అర్థం కాలేదు.

ఇక నిన్నటి సంగతి. పొద్దున్న లేచేసరికి ఫోన్‌లో ఒక ఫోటో ఉంది. అంకెలు, అక్షరాలు, గుర్తులు. కింద ఏడుపు బొమ్మ ఒకటి. చిట్టి కొత్తగా చేరిన చిన్న పోకెమాన్‌లని వెంటేసుకుని సరదాగా అదే కొండ ఎక్కిందట. ఆటోలో వదిలేసిందట. నేను దాటిన అంతస్తుకి పైన ఒక అంతస్తులో పడి ఉంది.

ఈ కాలమ్ పంపించేసి బయలుదేరుతున్నాను. చికొరీటా ముందు, నేను వెనక. సంచిలో రెండు ఆపిల్స్, ఆరు బెర్రీలు, ఒక రివైవర్ సీడ్, ఒక ఎస్కేప్ ఆర్బ్. రాళ్ళు ఇంట్లో పెట్టాను.