బాక్సు మార్చే ముందు

ఇండికేటర్ వేస్తే వైపర్ కదులుతుంది. బ్రేకు తొక్కితే హెడ్‌లైట్లు మసకబారతాయి. హారన్ ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు. ఎనిమిదేళ్లు తిరిగిన లారీ ఇలాంటి చేష్టలు మొదలుపెట్టిందంటే డ్రైవర్ నోట వచ్చే మాట ఒకటే: “బాక్సు పోయింది మేస్త్రీ, మార్చేయి.” మంచి వైరింగ్ మేస్త్రి ఆ మాటకి తలూపడు. టెస్ట్ ల్యాంపు తీసుకుని ముందు బ్యాటరీ దగ్గరికి పోతాడు. అతని విద్యంతా ఆ తలూపకపోవడంలోనే ఉంది.

నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం, సంగం, ఆత్మకూరు మీదుగా వెలిగొండలు దాటి బద్వేలు పోయే రోడ్డు ఇవాళ 67వ నంబరు జాతీయ రహదారి. జనం నోట అది బొంబాయి రోడ్డు. తూర్పు కొసన కృష్ణపట్నం రేవు ఉంది. మద్రాసు - విజయవాడ రైలు మార్గం నెల్లూరు జిల్లా తూర్పు అంచునే పోతుంది. అందుకే పడమట ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఎరువు బస్తా దిగాలన్నా, పండిన పంట మార్కెట్టుకి చేరాలన్నా లారీయే దిక్కు. ఆ లారీ రాత్రివేళ కొండదారిలో లైట్లు ఆరి నిలబడితే కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడో దూరాన ఉంటుంది. దగ్గర్లో ఉండేది రోడ్డు పక్క రేకుల షెడ్డే.

తీగల నుంచి మాటల దాకా

పాత లారీలో కరెంటు దారి కళ్లకి కనబడేది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి స్విచ్చు, స్విచ్చు నుంచి రిలే, రిలే నుంచి బల్బు. ఒక్కో పనికి ఒక్కో తీగ. ఆ తీగ రంగు గుర్తుపట్టి వెంబడి పోతే తెగిన చోటు దొరికేది. 1960లలో మొదలైన విజయవాడ జవహర్ ఆటోనగర్ మొదలుకుని నెల్లూరు ఆటోనగర్ దాకా షెడ్లలో కుర్రవాళ్లు నేర్చుకున్న పాఠం ఇదే. మొదట టేపు చుట్టడం, తర్వాత డైనమో, సెల్ఫ్ మోటారు విప్పడం, చివరికి లారీ మొత్తానికి కొత్త వైరింగ్ వేయడం. పాఠ్యపుస్తకం లేదు. మేస్త్రి చెయ్యి చూసి నేర్చుకోవడమే.

బాడీ కంట్రోల్ మాడ్యూల్ వచ్చాక ఈ దారి మారింది. షెడ్డు భాషలో దాని పేరు బాక్సు. ఇలాంటి లారీలో స్విచ్చు నొక్కితే కరెంటు నేరుగా బల్బుకి పోదు. ‘ఎడమ ఇండికేటర్ కావాలి’ అన్న కోరిక మాత్రమే బాక్సుకి చేరుతుంది. ఏ లైటుకి ఎంత కరెంటు వదలాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది బాక్సే. ఎక్కడైనా షార్టు అయితే ఆ దారిని అదే మూసేస్తుంది. ఇంజిన్ కంప్యూటర్, మీటర్ బోర్డు, బ్రేకుల ఏబీఎస్ యూనిట్ లాంటి వాటితో మెలిపెట్టిన జంట తీగల మీద మాట్లాడుతుంది. క్యాన్ అనే ఈ పద్ధతిని జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో ప్రపంచానికి చూపించింది. లారీల్లో దాని మీద ఆధారపడిన జే1939 అనే ప్రమాణం నడుస్తోంది.

మన దేశమంతటా వాహన కాలుష్యం మీద బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. వాటితో లారీల్లో ఎలక్ట్రానిక్స్ బాగా పెరిగాయి. బీఎస్-4 తొలినాటి బండ్లు ఇప్పటికే ఎనిమిదేళ్ల వయసు దాటాయి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఒక ఇండికేటర్ వెలగకపోయినా కాగితం రాదు. కాగితం లేకపోతే బండి రోడ్డెక్కదు. ఒక్క లారీ మీద బతికే యజమానికి బాక్సు జబ్బు నేరుగా కిస్తీ జబ్బవుతుంది.

ముందు చుట్టుపక్కల విచారణ

బాక్సు ఖరీదైనది. పైగా అది పోయిందని నిర్ధారించే ముందు నిర్దోషులని తేల్చాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది బ్యాటరీ. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. నిండా చార్జి ఉంటే రెండూ కలిపి 25 వోల్టుల పైచిలుకు చూపాలి. పాటల సెట్టు కోసమో, సెల్‌ఫోన్ చార్జరు కోసమో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగడం లారీల్లో పాత అలవాటు. దాంతో ఒక బ్యాటరీ ఎండిపోతుంది, రెండోది మితిమీరి చార్జవుతుంది. వోల్టేజీ తగ్గినప్పుడు బాక్సు పిచ్చిగా ప్రవర్తిస్తుంది. నేరం మాత్రం దానిది కాదు.

రెండోది ఎర్త్. చాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు పడితే కరెంటు తిరిగిపోయే దారి ఇరుకవుతుంది. అప్పుడది పక్కనున్న మరో బల్బు గుండానో మోటారు గుండానో దారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేస్తే వైపర్ కదలడం వెనక ఇలాంటి కథే ఉండొచ్చు. దీన్ని పట్టే పద్ధతి వోల్టేజీ డ్రాప్ పరీక్ష. లైట్లన్నీ వేసి ఉంచి, బ్యాటరీ నెగటివ్‌కీ బాక్సు ఎర్త్ తీగకీ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. వోల్టులో ఒకటి రెండు పదో వంతులు చూపితే సరే. ఒక వోల్టు చూపిందంటే దొంగ దొరికినట్టే. గీకి, శుభ్రం చేసి, బిగిస్తే పని అయిపోతుంది.

ఇక్కడే పాత పనిముట్టు విలువ తెలుస్తుంది. లోపల ఒక్క పోగు మీద నిలిచిన తీగని మల్టీమీటర్ ఓమ్స్‌లో చూస్తే బాగానే ఉందంటుంది. అదే తీగకి 24 వోల్టుల బల్బున్న టెస్ట్ ల్యాంపు తగిలిస్తే మసకగా వెలగొచ్చు. బరువు మోపితేనే బలం బయటపడుతుంది. బాక్సుకి వచ్చే కరెంటు తీగల దగ్గర ఈ ల్యాంపు ఇప్పటికీ నమ్మకమైన సాక్షి. అదే ల్యాంపుని క్యాన్ జంట తీగలకి తగిలించకూడదు. అది లాగే కరెంటుకి లోపలి చిప్పులు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏ తీగ దగ్గర ఏ పనిముట్టు అన్న విచక్షణే ఇవాళ్టి మేస్త్రికి అసలు పరీక్ష.

క్యాన్ తీగలకి వేరే లెక్క ఉంది. ఆ జంట తీగల రెండు కొసల్లోనూ 120 ఓమ్స్ చొప్పున నిరోధాలు ఉంటాయి. బ్యాటరీ విప్పేసి రెండు తీగల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్స్ రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. బండి ఆన్‌లో ఉండి తీగలు మౌనంగా ఉన్న క్షణంలో ఒక్కోదాని మీద సుమారు రెండున్నర వోల్టులు ఉంటాయి. మల్టీమీటర్ చాలు, లాప్‌టాప్ అక్కర్లేదు.

ఆ తర్వాత కళ్ల పని. అద్దం చుట్టూ రబ్బరు చిట్లితే కార్తీక మాసపు వానకి నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక్కి దిగుతాయి. కప్లర్ పిన్నులకి పచ్చని చిలుము పడుతుంది. ఆగి ఉన్న బండిలో ఎలుకలు తీగలు కొరుకుతాయి. కొత్తగా పెట్టించిన రంగురంగుల లైట్లని బాక్సు నుంచి వచ్చే తీగకే అతికిస్తే, బాక్సు భారం మోయలేక ఆ దారి మూసేస్తుంది. బల్బు తీసి ఎల్‌ఈడీ పెడితే కరెంటు తగ్గుతుంది, బాక్సు బల్బు మాడిందనుకుని ఇండికేటర్‌ని వేగంగా కొట్టిస్తుంది. అదనపు లైట్లకి బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజు, వేరే రిలే వేసి విడిగా లైను లాగడం పాత మేస్త్రులు ఎప్పటినుంచో చేస్తున్న పనే.

మార్చక తప్పనప్పుడు

కరెంటు సరిగా వస్తోంది, ఎర్త్ బాగుంది, క్యాన్ తీగలు మాట్లాడుతున్నాయి, కోరిక బాక్సుకి చేరుతోంది, అయినా బల్బుకి కరెంటు రావడం లేదు. అప్పుడే బాక్సు దోషి. అప్పుడు కూడా ఒక మెట్టు మిగిలి ఉంది. మూత విప్పి చూస్తే కొన్నిసార్లు పగిలిన సోల్డరు, అరిగిన రిలే కనబడతాయి. ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసిన చేతులే వాటిని మళ్లీ అతికిస్తున్నాయి.

కొత్తది పెట్టాల్సి వస్తే పని క్రమం ముఖ్యం. పాత బాక్సు ఇంకా మాట్లాడుతుంటే, విప్పక ముందే స్కానర్‌తో అందులోని సెట్టింగులు చదివి దాచుకోవాలి. పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిచూడాలి. పైకి ఒకేలా ఉన్న రెండు బాక్సుల్లో సాఫ్ట్‌వేర్ వేరుగా ఉండొచ్చు. కప్లర్లని ఫోటో తీసుకుని, బ్యాటరీ నెగటివ్ ముందు విప్పాలి. కొత్త బాక్సుకి తాను ఏ బండిలో ఉందో తెలియదు. ఏ లైట్లు ఉన్నాయో, ఏ సదుపాయాలు ఉన్నాయో కోడింగ్ చేసి చెప్పాలి. తాళంలో చిప్పు ఉండి అది బాక్సుతో ముడిపడి ఉంటే దాన్నీ జత చేయాలి. ఈ పని జరిగేటప్పుడు బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంచాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త బాక్సే చచ్చిపోవచ్చు. పాత ఇనుము కొట్లో చవగ్గా దొరికిన బాక్సు వేరే బండి గుర్తింపుని మోసుకొస్తుంది. దాన్ని మార్చే సాధనం చేతిలో ఉంటేనే కొనాలి.

బిగించాక ప్రతి లైటు, హారన్, వైపర్, బ్రేకు లైటు, రివర్స్ లైటు వరసగా చూడాలి. తాళం తీసిన కొంతసేపటికి బాక్సు నిద్రపోవాలి. అప్పుడు బ్యాటరీ నుంచి పోయే కరెంటు మిల్లీ ఆంపియర్లలోకి దిగాలి. దిగకపోతే తెల్లారేసరికి బండి స్టార్టు కాదు. ఇకముందు తొట్టికి వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు, బాక్సు కప్లర్లు విప్పడం, వెల్డింగు ఎర్త్ అతుకు పక్కనే పెట్టడం యజమానికి చెప్పాల్సిన చివరి మాట.

విద్య ఎవరి చేతిలో

ఇంతవరకు చెప్పిన పనిలో చాలా భాగం షెడ్డులోనే సాధ్యం. కోడింగ్ దగ్గర మాత్రం దారి మూసుకుపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్, వైరింగ్ పటాలు సాధారణంగా తయారీదారు చేతిలోనే ఉంటాయి. ఈ తగువు మనదొక్కటే కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు 2012లో వాహనాల మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకీ ఇవ్వాలనే చట్టాన్ని బలపరిచారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఆ కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు, వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి.

ఐటీఐల్లో ఆటో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ట్రేడు ఉంది. అక్కడ చదివిన కుర్రవాడికి క్యాన్ లెక్క తెలుసు. షెడ్డు మేస్త్రికి తుప్పు ఎక్కడ పడుతుందో తెలుసు. మెట్ట ఊళ్లకి ఈ ఇద్దరూ ఒకే షెడ్డులో కావాలి. స్కానర్ తప్పు కోడు చూపుతుంది. ఆ కోడు ఏ తుప్పు బోల్టు వల్ల వచ్చిందో చెప్పదు. బాక్సు మార్చాలని ఎవరైనా అంటే లారీ యజమాని ఒక ప్రశ్న అడగాలి: ఎర్త్ మీద ఎన్ని వోల్టులు పడుతున్నాయి? అంకె చెప్పగలిగినవాడికే బండి తాళం ఇవ్వాలి.