వివరణ ఒకచోట, నిర్వచనం మరొకచోట: లాటెక్ డాక్యుమెంటేషన్ – ఒక విమర్శ

కథను, కవితను విమర్శించినట్లే ఒక సాఫ్ట్‌వేర్ వివరణ గ్రంథాన్ని కూడా విమర్శించవచ్చు. దూరవిద్యలో చదువుతున్న మీకు ఇటువంటి విమర్శ మరింత అవసరం. సందేహం వచ్చినప్పుడు పక్కన అధ్యాపకుడు ఉండడు కనుక, ఆ గ్రంథమే మీకు అధ్యాపకుడు.

డొనాల్డ్ నూత్ రూపొందించిన అక్షరకూర్పు వ్యవస్థ టెక్. దాని మూలకోడ్ మొత్తాన్ని ఆయన వివరణలతో సహా 1986లో ‘టెక్: ది ప్రోగ్రామ్’ అనే పుస్తకంగా ప్రచురించారు. అందులో కోడ్, వివరణ ఒకే ఫైలులో ఉంటాయి. టాంగిల్ అనే ఉపకరణం ఆ ఫైలు నుండి పాస్కల్ ప్రోగ్రామును, వీవ్ అనేది చదవదగిన పుస్తకాన్ని తయారుచేస్తాయి. ప్రోగ్రాము మనిషి చదవడానికి కూడా రాయాలి అన్నదే ఇందులోని ఆశయం.

టెక్‌పై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లాటెక్ నేడు ఈ ఆశయాన్ని డీటీఎక్స్ ఫైళ్ల రూపంలో పాటిస్తున్నది. అయితే డాక్‌స్ట్రిప్ అనే ఉపకరణం వాటిలోని వ్యాఖ్యలను తొలగించి, కోడ్‌ను మాత్రమే వేరే ఫైలుగా ఇస్తుంది. మీ కంప్యూటరు నడిపేది ఈ రెండవ ఫైలునే. దాన్ని తెరిస్తే ‘ఏమిటి’ కనిపిస్తుంది కాని ‘ఎందుకు’ కనిపించదు.

ఒక ఉదాహరణ పరిశీలించండి. ‘సెక్షన్’ ఆదేశం ఎలా పనిచేస్తుందో మీరు తెలుసుకోవాలి. టెక్స్‌డాక్ ఉపకరణం ప్యాకేజీ పేరుతో, పత్రం పేరుతో వెతుకుతుందే తప్ప ఆదేశం నిర్వచనాన్ని వెతికిపెట్టదు. ‘షో’ ఆదేశం నిర్వచనాన్ని తెరపై చూపుతుంది. ఆర్టికల్ క్లాసులో అది @ గుర్తుతో మొదలయ్యే ‘స్టార్ట్‌సెక్షన్’ అనే అంతర్గత ఆదేశం వైపు మిమ్మల్ని పంపుతుంది. దాన్ని ‘షో’తో చూడాలంటే ముందుగా ‘మేకెట్‌లెటర్’ అని రాయాలి. లేకపోతే టెక్ ఆ పేరును @ దగ్గరే ఆపి, వేరొక ఆదేశం అర్థాన్ని చూపుతుంది. చివరకు ‘సోర్స్‌టూఈ’ అనే పత్రం తెరిచి, వెనుక ఉన్న సూచికలో ఆ పేరును వెతకాలి. అక్కడ కింద గీత గీసిన సంఖ్య నిర్వచనాన్ని చూపుతుంది, మిగిలినవి ప్రధానంగా వాడుకను చూపుతాయి.

ఇక్కడ లోపం సమాచారం లేకపోవడం కాదు. సమాచారం సమృద్ధిగానే ఉంది. ఏ ఆదేశం ఏ ప్యాకేజీలోదో ముందే తెలిసినవారికే ద్వారం తెరుచుకుంటుంది. తెలియనివారే కదా వెతికేది! నూత్ పుస్తకం పాఠకుడి చేయి పట్టుకొని నడిపిస్తుంది. లాటెక్ గ్రంథాలయం మాత్రం తాళంచెవి ఎక్కడుందో చెప్పదు. అయినా మూలకోడ్‌ను దాచకుండా, వివరణతో సహా అందరి ముందు ఉంచడం ఈ వ్యవస్థ గొప్పతనమని మరువకండి.

అభ్యాసం: ‘ఫుట్‌నోట్’ ఆదేశాన్ని పై దశలలో అనుసరించండి. ఏ దశలో మీరు ఆగిపోయారో, అక్కడ గ్రంథం ఏ ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేదో మీ సొంత మాటలలో రాయండి. ఆ వాక్యమే మీ విమర్శకు ఆరంభం.