సొట్ట గ్లాసు

వినాయక చవితికి పత్రి తెచ్చే పని మా ఇంట్లో నాది. దేవుడు లేడనేవాడికి ఆ పనేమిటని చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ. 21 ఆకుల్లో ఏది ఎక్కడ దొరుకుతుందో మా పేటలో నాకు తెలిసినంత పంతులుగారికి కూడా తెలియదు. గోదావరి గట్టు మీద ఉత్తరేణి, రైల్వే గోడ పక్కన జిల్లేడూ ఉమ్మెత్తా, పాత బడి వెనకాల వావిలి. వాకుడాకు దగ్గర కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, దానికి ఆకు మీద కూడా ముళ్లుంటాయి. దేవదారు మాత్రం తేను. అది హిమాలయాల చెట్టు, రాజమండ్రి ఎండలో ఎక్కణ్ణించి వస్తుంది? బజార్లో ఆ పేరు చెప్పి ఏదో ఒక రెమ్మ అంటగడతారు.

"ఇరవయ్యే ఉన్నాయండీ" అంటుంది మా ఆవిడ.

"ఉన్నవి అసలైనవి" అంటాను.

లేనిదాని బదులు నాలుగు అక్షింతలు వేసి పూజ కానిస్తుంది. ఏటా ఇదే సంభాషణ.

మాది ప్రేమ పెళ్లి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి, రిజిస్ట్రారు ఆఫీసులో అంటించిన ఆ కాగితం ఎవరి కంట పడుతుందోనని 30 రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపి, సంతకాలు చేశాం. ఆ తరవాత ఆమె ముచ్చట కొద్దీ అన్నవరం కొండెక్కాను. పీటల మీద కూర్చున్నాను గానీ దండం పెట్టలేదు. ప్రసాదం మాత్రం రెండు పొట్లాలు లాగించాను. ప్రేమ ఉంటే ఇవన్నీ ఒక లెక్కా అని స్నేహితుల దగ్గర గొప్పలు పోయాను కూడా.

మొన్న మా మేనకోడలు వచ్చి కూర్చుంది. "అతను దేవుణ్ణి నమ్మడు, నేను నమ్ముతాను. నీకూ అత్తకీ కుదిరింది కదా మావయ్యా, మాకూ కుదురుతుందంటావా?"

ఇలాంటప్పుడు మనవాళ్లు రెండు జంటల పేర్లు చెబుతారు. ఒకటి మా ఊరి వీరేశలింగం పంతులుగారు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపిస్తే ఊరు వెలేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు మొహం చాటేశారు. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చింది, పెళ్లివంట తనే వండింది. ఆశయం ఆయనది, నొప్పెట్టిన నడుం ఆవిడది. ఆయనతో సమానంగా ఆవిడా నమ్మే చేసి ఉండవచ్చు. కానీ ఆవిడ మనసు మనకి తెలిసేది చాలావరకు ఆయన రాతల్లోంచే.

రెండో జంట గోరా, సరస్వతి. 1922లో పెళ్లయ్యేనాటికి ఆవిడకి పదేళ్లు. ఆచారం గట్టిగా ఉన్న ఇంటి పిల్ల. 1928లో గోరా జంధ్యం వదిలేసినందుకు ఇల్లు వదలాల్సి వస్తే వెంట నడిచింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టింది ఇద్దరూ కలిసే. నాకు ఆవిడంటే గౌరవం. అయితే పదేళ్ల పిల్ల భర్తతోపాటు పెరుగుతూ మారడం వేరు. పాతికేళ్లు దాటి, ఎవరింటి వాసన వాళ్లకి పట్టేశాక కలిసిన మాలాంటివాళ్ల సంగతి వేరు. తన జీవితకథకి కూడా ఆవిడ 'గోరాతో నా జీవితం' అనే పేరు పెట్టుకుంది. ఎవరు ఎవరి వైపు నడిచారో ఆ పేరే చెబుతుంది.

మా ఇంట్లో నడిచింది ఎవరని నన్నడిగితే, ఒకసారి నేనే. అమ్మ పోయినప్పుడు కర్మ చెయ్యనని భీష్మించాను. నమ్మకం లేకుండా మంత్రం పలికితే అబద్ధమాడినట్టేనన్నాను. మా ఆవిడ వాదించలేదు. అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, తన దినాలకని అమ్మ చేతిరుమాల్లో మూటగట్టి దాచుకున్న డబ్బు తీసి నా చేతిలో పెట్టింది. "ఆవిడ నమ్మింది. మీకెలాగూ నమ్మకం లేదు కదా, చేస్తే మీకు పోయేదేముంది?" పదో రోజు కోటిలింగాల రేవులో కూర్చున్నాను. ఇన్నాళ్లూ మేం దేవుడి పేరుతో పోట్లాడుకున్నాం గానీ, తేడా ఉన్నది మరోచోట. నాకు నా మాట నిజం కావాలి. ఆమెకి మనిషి నొచ్చుకోకూడదు, పోయిన మనిషైనా సరే.

అలాంటి మనిషే, పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టేది.

అంచు దగ్గర సొట్టపడ్డ స్టీలు గ్లాసు. పెరటి గుమ్మం పక్కన కిటికీలో బోర్లించి ఉండేది. నేను దాన్ని చూసింది పెళ్లయిన నాలుగేళ్లకి. ఊళ్లో సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే నేను వంటింటి వైపు వెళితే కదా! అడిగితే, "మా అమ్మ ఇంట్లోనూ అంతే, పనమ్మాయేం అనుకోదు" అంది. అరిచాను. గోరా కథలు చెప్పాను, దళిత కవి జాషువా కూతురు హేమలత గోరా ఇంటికి కోడలై వెళ్లిన సంగతి చెప్పాను. ఆమె వింటూ బియ్యం ఏరుకుంది. ఆ రోజుల్లో ఒకటి రెండుసార్లు, ఈ మనిషితో ఉండగలనా అని కూడా అనిపించింది. దేవదారు లేకపోతే అక్షింతలతో సర్దుకుంటాం, దానికి నష్టపోయేవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడ సర్దుకుందాం అనడానికి నేనెవణ్ణి? ఆ గ్లాసులో తాగేది నేను కాదు.

మర్నాటి నుంచి నా కాఫీ ఆ గ్లాసులో పోసుకోవడం మొదలుపెట్టాను. సొట్ట దగ్గర పెదవికి కాస్త ఒరుసుకునేది. తాగి, కడిగి, మళ్లీ కిటికీలో బోర్లించేవాణ్ణి. మా ఆవిడ చూసేది, ఏమీ అనేది కాదు. పనమ్మాయి ఇబ్బంది పడి రెండు రోజులు కాఫీ వద్దంది. అది నేను ఆలోచించని సంగతి. రెండు నెలలు అలాగే నడిచింది.

ఒకరోజు పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వీధిలోకి వచ్చింది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి కిటికీ ఖాళీగా ఉంది. వంటింటి గట్టు మీద కొత్త గ్లాసులు ఆరు, ఆరూ ఒక్కలాగే ఉన్నాయి. మా పెళ్లికి కట్టుకున్న నా పట్టుపంచె మాత్రం బీరువాలో కనపడలేదు.

"అంటే అత్త మారిపోయిందన్నమాట" అంది మేనకోడలు.

"అడగలేదే" అన్నాను.