మైలు ఎవరి సొమ్ము?

అమెరికా టికెట్ల ప్రకటనల్లో ‘ఉచిత మైళ్ళు’ అన్న మాట ఈ వారం మళ్ళీ కంటబడి ఒళ్ళు మండించింది. ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పాత పేచీ తెలుసు: వ్యాపారి నోట ‘ఉచితం’ అని వినబడగానే జేబు తడుముకోవాలంటాను. మైళ్ళంటే, విమానం ఎక్కినందుకు ఎయిర్‌లైన్ మన ఖాతాలో వేసే పాయింట్ల విషయంలో, నా పేచీకి రుజువు కంపెనీల పద్దు పుస్తకాల్లోనే ఉంది. మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, టికెట్‌తోపాటు మైళ్ళిచ్చే ఎయిర్‌లైన్ ఆ మైళ్ళకి ఒక ధర కట్టాలి. టికెట్ డబ్బులో ఆ భాగాన్ని అప్పటికప్పుడు రాబడిగా చూపకూడదు. మనం మైళ్ళు వాడుకునేదాకానో, అవి మురిగిపోయేదాకానో బాకీగా పక్కన పెట్టాలి. కరోనా కాలంలో విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు, అంటే 2020లో, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైలేజ్‌ప్లస్ ప్రోగ్రామ్‌ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. ఊరికే పంచిపెట్టే సరుకు మీద అంత అప్పు ఎవరిస్తారు?

ఒక ఎయిర్‌లైన్ విమానం ఎక్కి, మైళ్ళు మరో ఎయిర్‌లైన్ ఖాతాలో వేయించుకునేటప్పుడు ఈ వ్యాపారం ఇంకా తేటగా కనిపిస్తుంది. 1997లో ఐదు సంస్థలు కలిసి పెట్టుకున్న స్టార్ అలయన్స్‌లో లుఫ్తాన్సా, యునైటెడ్ మొదటినుంచీ ఉన్నాయి. ఎయిర్ ఇండియా 2014 జులైలో చేరింది. కాబట్టి హైదరాబాద్‌లో లుఫ్తాన్సా ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళేవాళ్ళు టికెట్‌లో యునైటెడ్ మెంబర్‌షిప్ నంబరు ఇవ్వొచ్చు, ఎయిర్ ఇండియా నంబరూ ఇవ్వొచ్చు. ఏదో ఒకటే, ఒకే ప్రయాణాన్ని రెండు ఖాతాల్లో వేయరు. యునైటెడ్ నంబరు ఇచ్చారనుకుందాం. ఆ మైళ్ళు యునైటెడ్ దయతలచి ఇస్తున్నవి కావు. మన తరఫున లుఫ్తాన్సా వాటిని యునైటెడ్ దగ్గర ఒప్పందం ధరకి కొంటుంది. కొనేవాడు కనుక పిసినారితనం సహజం. ఇ-టికెట్‌లో ‘ఎకానమీ’ పక్కన కె, ఎల్, టి అని ఒక్క అక్షరం ఉంటుంది, ఆ పిసినారితనమంతా అందులోనే ఉంది. వరసగా మూడు సీట్లలో కూర్చున్న ముగ్గురికి అదే భోజనం, అదే దుప్పటి; అక్షరాలు మాత్రం వేరు. ఒక అక్షరానికి ఎగిరిన దూరంలో నూటికి నూరు వంతులు, ఇంకోదానికి సగం, అట్టడుగు అక్షరానికి పాతిక శాతమో, సున్నానో. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 4,400 మైళ్ళు, అక్కణ్ణుంచి న్యూయార్క్ పక్కనున్న న్యూఆర్క్ ఇంకో 3,900. రానూపోనూ 16,600. పాతిక శాతం అక్షరం పడితే చేతికొచ్చేవి 4,150.

అంతకన్నా తమాషా టికెట్ నంబరులో ఉంది. పదమూడు అంకెల ఆ నంబరులో మొదటి మూడూ టికెట్ ఎవరు జారీ చేశారో చెబుతాయి. 016 అయితే యునైటెడ్, 220 లుఫ్తాన్సా, 098 ఎయిర్ ఇండియా. అదే లుఫ్తాన్సా విమానంలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరూ యునైటెడ్ ఖాతాకే మైళ్ళు వేయించుకుంటున్నా, ఒకరి టికెట్ 016, ఇంకొకరిది 220 అయితే లెక్కలు కలవవు. మొదటివారికి కట్టిన డబ్బును బట్టి వస్తాయి, అందులోనూ ప్రభుత్వ పన్నులు తీసేశాక. రెండోవారికి దూరాన్ని, అక్షరాన్ని బట్టి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ పేరుతో ఈ ఆట మొదలుపెట్టినప్పుడు అందరికీ దూరమే కొలత. 2015లో డెల్టా, యునైటెడ్, 2018లో లుఫ్తాన్సా వాళ్ళ మైల్స్ అండ్ మోర్, 2024లో ఎయిర్ ఇండియా తమ సొంత టికెట్లకి ఆ కొలత వదిలేసి రూపాయలూ డాలర్లూ లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. పరాయి సంస్థ రాసిన టికెట్‌లో మనం ఎంత కట్టామో వీళ్ళకి తెలియదు కనుక, అక్కడ మాత్రం పాత కొలత చాలాచోట్ల బతికి ఉంది. ఛార్జీ తక్కువై, దూరం ఎక్కువై, అక్షరం మరీ అట్టడుగుది కాకపోతే, ఇంటివాళ్ళ టికెట్ కంటే పొరుగువాళ్ళ టికెట్టే ఎక్కువ మైళ్ళు తెచ్చిపెట్టే సందర్భాలున్నాయి.

‘ఇంత తతంగం నాలుగు వేల మైళ్ళ కోసమా? వదిలెయ్యరాదా?’ అనొచ్చు. ఉచితం మీద నాకున్న పట్టుదల చూస్తే నేనూ అక్కడికే వస్తాననిపిస్తుంది. కానీ ఆ పట్టుదలే నన్ను ఎదురుదారి పట్టిస్తోంది. చిల్లర లేదంటూ కిరాణా కొట్టతను చేతిలో చాక్లెట్ పెడితే, అది బహుమతి అనుకుని కొట్లోనే వదిలేసి రాము కదా, మన రూపాయికి బదులు గనక తెచ్చుకుంటాం. మైలు ఉచితం కాకపోతే దాని ఖరీదు ఎవరో కట్టినట్టే, ఆ కట్టింది మనమే. వదిలేస్తే మిగిలేది కంపెనీకి. ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది, ఇది కాస్త బలమైనదే. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి రెండు మూడేళ్ళకోసారి వెళ్ళే గుంటూరు, కరీంనగర్ తల్లిదండ్రులకి మైళ్ళు పోగయ్యేలోపే గడువు తీరిపోతుంది కదా అని. మైల్స్ అండ్ మోర్‌లోనూ, సింగపూర్ వాళ్ళ క్రిస్‌ఫ్లయర్‌లోనూ మామూలు సభ్యులకి గడువు మూడేళ్ళే, నిజం. కానీ యునైటెడ్ 2019 ఆగస్టులో గడువు ఎత్తేసింది. 2024 నుంచి ఐదుగురిదాకా తమ మైళ్ళు ఒకచోట కలుపుకోనిస్తోంది, షరతులున్నా సరే. అప్పుడప్పుడూ ఎగిరేవాళ్ళు పార్ట్‌నర్ టికెట్, అంటే పొరుగు సంస్థ టికెట్, మైళ్ళు ఎక్కడ వేయించుకోవాలన్నదానికి నా జవాబు ఇదే: తొందరగా మురిగిపోని ఖాతాలో. మైళ్ళ విలువ ఏటేటా కరిగిపోతోందన్న మాట కూడా కొట్టెయ్యలేం. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్ళో చెప్పే పట్టికని ప్రచురించడమే మానేశాయి. అది దాచుకోకుండా త్వరగా వాడెయ్యమనడానికి కారణమవుతుంది గాని, తీసుకోవద్దనడానికి కాదు.

మనవాళ్ళ మైళ్ళు ఎక్కువగా పోయేది ఈ పెద్ద లెక్కల్లో కాదు, పేర్ల దగ్గర. ఖాతాలో పేరూ టికెట్‌లో పేరూ ఒకటి కాకపోతే కంప్యూటర్ మైళ్ళు వెయ్యదు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి ఒట్టి పొడి అక్షరం. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకి అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పాస్‌పోర్టు చూసి టికెట్ కొన్న ఏజెంటు ‘వెంకటసత్యనారాయణ’ అని మధ్యలో ఖాళీ లేకుండా కొడతాడు, అమెరికాలో ఉన్న కొడుకు హడావిడిగా తెరిచిన ఖాతాలో ‘వి. సత్యనారాయణ’ అని ఉంటుంది. లెక్కలోకి రాకపోవడానికి ఆ తేడా చాలు. పార్ట్‌నర్ టికెట్ అయితే ఇంకా చిక్కు: టికెట్ ఒకరిది, విమానం ఒకరిది, ఖాతా ఇంకొకరిది కాబట్టి ఎవరికి ఫోన్ చేసినా ఇంకొకర్ని అడగమంటారు. అడగాల్సింది ఖాతా ఏ సంస్థలో ఉందో వాళ్ళని. టికెట్ నంబరు, బోర్డింగ్ పాస్ చూపించి గడువులోపల రాతపూర్వకంగా కోరితే, ప్రయాణమైపోయాక కూడా మైళ్ళు వేస్తారు.

ఒక్క హద్దు మాత్రం గీస్తాను. మైళ్ళ కోసమని పది వేలు ఎక్కువ పెట్టి టికెట్ కొనడం, అర్ధరాత్రి ఎనిమిది గంటలు ఇంకో ఎయిర్‌పోర్టులో పడిగాపులు పడే దారి ఎంచుకోవడం తెలివితక్కువ. 4,150 మైళ్ళతో న్యూఆర్క్ టికెట్ కాదు గదా, దాని దరిదాపులకి కూడా రాలేరు. టికెట్ ధర, దారి, సామాను బరువు చూసి కొనండి. కొన్నాక ఏజెంటుని రెండే రెండు అడగండి: ఈ టికెట్ మీద అక్షరం ఏది, నా నంబరు ఎక్కించారా? పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఖాతాలోనూ ఉండాలి. ఊరికి తిరిగొచ్చాక కూడా మైళ్ళు ఖాతాలో పడేదాకా బోర్డింగ్ పాస్ చించెయ్యకండి.