ఎవరి ఊపిరి, ఎవరి పేరు? - డ్యూక్ ఎల్లింగ్టన్ జాజ్ బృందం

ఎల్లింగ్టన్‌ను (1899-1974) మేధావి అని పొగడటం తేలిక. తెల్ల ధనికుల తాగుడుకు తాళం వేసినవాడని కొట్టిపారేయటం ఇంకా తేలిక. అభ్యుదయ విమర్శ ఈ రెండిటితోనూ సరిపెట్టుకోకూడదు.

1927 డిసెంబరులో ఆయన బృందం న్యూయార్కు హార్లెంలోని కాటన్ క్లబ్‌లో కుదిరింది. అది నల్లవాళ్ల పేట. వాయించేవాళ్లూ ఆడేవాళ్లూ నల్లవాళ్లే. కూర్చుని చూసేవాళ్లు మాత్రం తెల్లవాళ్లు. యజమాని దొంగసారా ముఠా నాయకుడు. అక్కడి గిరాకీకి తగ్గట్టు ఈ సంగీతానికి 'అడవి' సంగీతమని పేరు పెట్టారు. కాని బబ్బర్ మైలీ ట్రంపెట్ మూతికి రబ్బరు కప్పు అడ్డుపెట్టి పలికించిన ఆ గుర్రుమనే స్వరంలో అడవి ఎక్కడుంది? నోరు నొక్కిపెట్టినా ఆగని మనిషి గొంతు అది.

1943లో కార్నెగీ హాల్‌లో, రష్యా యుద్ధ సహాయనిధి కోసం జరిగిన కచేరీలో, నల్లజాతి చరిత్రను 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' అనే దీర్ఘ రచనగా వినిపించాడు. విమర్శకులు దానికి శిల్పం లేదన్నారు. 1963లో అమెరికా ప్రభుత్వం ఆయన్ను సాంస్కృతిక రాయబారిగా మన దేశానికీ పంపింది. ఆ సెప్టెంబరులోనే బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్ల బాలికలు చనిపోయారు. 1965లో సంగీత న్యాయనిర్ణేతలు సిఫారసు చేసినా పులిట్జర్ బోర్డు ఆయనకు ప్రత్యేక పురస్కారం నిరాకరించింది. ముగ్గురు నిర్ణేతల్లో ఇద్దరు రాజీనామా చేశారు. ఆ గౌరవం 1999లో, ఆయన పోయిన పాతికేళ్లకు వచ్చింది.

ఇవన్నీ తరచు చెప్పుకునేవే. బృందం లోపలి సంగతి అంతగా చెప్పుకోరు.

ఎల్లింగ్టన్ స్వరప్రతుల మీద మొదటి ట్రంపెట్, రెండో ట్రంపెట్ అని కాదు, కూటీ, ట్రిక్కీ శామ్ అని మనుషుల పేర్లు ఉండేవి. ఫలానా వాడి ఊపిరి ఎంత, ఏ స్వరం దగ్గర అతని గొంతు జీరపోతుంది అన్నది తెలిసి రాసిన సంగీతమది. వాద్యగాణ్ణి యంత్రంలో చక్రంగా చూడని ఈ పద్ధతే ఆయన అసలు గొప్పతనమని నా అభిప్రాయం.

మరి ఆ ఊపిరికి పేరు దక్కిందా? 'కారవాన్' బాణీ ప్యూర్టోరికోకు చెందిన హ్వాన్ టిజోల్‌ది. మొదట అతని చేతికొచ్చింది 25 డాలర్లు. రచయితల్లో ఎల్లింగ్టన్ పేరూ చేరింది, మేనేజరు ఇర్వింగ్ మిల్స్ పేరూ చేరింది. మిల్స్ ఇలా ఎల్లింగ్టన్ పాటలెన్నిటికో సహరచయిత అయిపోయాడు. పైవాడు తనను దోచుకున్న పద్ధతినే ఎల్లింగ్టన్ కిందివాళ్ల దగ్గర పాటించాడు. బిల్లీ స్ట్రేహార్న్ రాసిన 'టేక్ ది ఏ ట్రెయిన్'ను ఈనాటికీ ఎల్లింగ్టన్‌దే అనుకునేవాళ్లున్నారు. అయితే యుద్ధం తర్వాత పెద్ద బృందాలు వరసగా కూలిపోతుంటే, ఆ పాటల రాయల్టీ సొమ్ముతోనే ఆయన తన వాళ్లకు జీతాలిచ్చి బృందాన్ని నిలబెట్టాడు. ఇది సమర్థన కాదు, వైరుధ్యం.

దాన్ని జానీ హాడ్జెస్ బాగా ఎరిగినవాడు. తన నుంచి పుట్టిన బాణీ ఎల్లింగ్టన్ పేరున మోగుతుంటే, వేదిక మీదే పియానో వైపు తిరిగి, నోట్లు లెక్కపెడుతున్నట్టు వేళ్లు ఆడించేవాడు.