ముడి విప్పిన చోటే మొదటి వాక్యం

పెర్త్ నగరానికి దక్షిణంగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, ఆర్మడేల్ నగరపాలక పరిధిలో ఉంది మా పియారా వాటర్స్. కింద ఇసుక నేల, పక్కన చిత్తడి గుంటలు, వాటి మధ్య గత ఇరవై ఏళ్లలో వరుసగా లేచిన ఇళ్లు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక పిల్లలు పార్కుకి చేరతారు, వాళ్ల వెనకే పెద్దవాళ్లం. తెలుగు మాటలు అక్కడే ఎక్కువగా వినబడతాయి. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే ఒక చెల్లెలు ఆ పార్కు బల్ల మీదే నన్ను అడిగింది. ఖమ్మంలో బీకాం చదివింది. భర్త ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చి, పాప నిద్రపోయాక పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. నేర్చుకున్నదాని మీద నెలకో వ్యాసం రాయమని కోర్సులో చెప్పారట.

“అన్నయ్యా, నాకే ఇంకా సరిగా రాదు. నేనేం రాసేది? అన్నీ ఎవరో ఒకరు రాసేశారు కదా.”

“నిన్న రాత్రి ఏది అర్థంకాక కూర్చున్నావో అది రాయమ్మా” అన్నాను.

అన్నానే గానీ, ఆ మాట వెనక ఎంత పెద్ద సంప్రదాయం ఉందో ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది. ఆమెకు ఆ రోజు చెప్పలేకపోయినదంతా ఇప్పుడు రాస్తున్నాను.

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు విషయం ఎంచుకోవడంలో చేసే మొదటి పొరపాటు, తమను తాము గ్రంథకర్తలుగా ఊహించుకోవడం. ‘పైథాన్ పరిచయం’, ‘డేటాబేసులు అంటే ఏమిటి’ లాంటి శీర్షిక పెట్టి కూర్చుంటారు. అవి ఇరవై ఏళ్లు ఆ పనిలో ఉన్నవాళ్లు రాయాల్సినవి. రెండు పేరాలు దాటేసరికి చేతిలో సొంత సరుకు అయిపోతుంది. ఆ తర్వాతదంతా ఎక్కడో చదివింది తిరగరాయడమే. కొత్తవాళ్లకు తగిన పాత్ర వేరే ఉంది. అది వ్యాఖ్యాత పాత్ర. మన సాహిత్యంలో దానికి చాలా గౌరవమైన స్థానం ఉంది.

మెదక్ జిల్లా కొల్చారం పేరు చెప్పగానే మల్లినాథ సూరి గుర్తుకొస్తాడు. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన మహానుభావుడు. రఘువంశం రాసింది ఆయన కాదు, కుమారసంభవం రాసింది ఆయన కాదు. అయినా ఐదారు వందల ఏళ్లుగా ఆ కావ్యాలు చదివేవాళ్లు ఆయన చెయ్యి పట్టుకునే నడుస్తున్నారు. చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికి పూనుకున్నానని, అందుకే ఈ పేరు పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ పనికి మూడు నియమాలు పెట్టుకున్నాడు. అంతా అన్వయ క్రమంలోనే వివరిస్తాను, మూలంలో ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. కంప్యూటర్ల గురించి రాసేవాళ్లకు ఈ మూడింటిని మించిన పాఠం నేనెక్కడా చూడలేదు.

ఈ దేశంలోనే, మాకు మూడు వేల కిలోమీటర్లకు పైగా తూర్పున ఉన్న సిడ్నీలో, జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు సరిగ్గా అదే పని చేశాడు. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఆయన విద్యార్థులకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పేవాడు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో ఎడిషన్‌ను పాఠంగా తీసుకుని, దాదాపు తొమ్మిది వేల వరుసల కెర్నల్ కోడుకు 1976లో వ్యాఖ్య తయారుచేశాడు. ఒక సంపుటం మూలం, ఒక సంపుటం వ్యాఖ్య. ఫైళ్లను చదువుకోవడానికి అనువైన వరుసలో తనే పేర్చాడు. యూనిక్స్ ఏడో ఎడిషన్ వచ్చాక లైసెన్సు షరతులు మారి, ఆ కోడును తరగతిలో చెప్పే వీలు లేకపోయింది. లయన్స్ పుస్తకం మాత్రం ఆగలేదు. ఫొటోస్టాటుకు ఫొటోస్టాటు తీసుకుంటూ ప్రపంచమంతా తిరిగింది. బహిరంగంగా అచ్చయింది 1996లో. లయన్స్ 1998లో కన్నుమూశాడు.

ఆ కోడులో ఒక చోట, ఒక ప్రక్రియ నుంచి మరో ప్రక్రియకు మారే ఘట్టంలో, ఇది చదివేవాళ్లకు అర్థం కావాల్సిన పని లేదన్నట్టు రచయితలు ఒక వ్యాఖ్య పెట్టారు. అది కోడు చరిత్రలో అన్నిటికంటే పేరుపడ్డ వాక్యం కావచ్చు. ఇది పరీక్షలో రాదులే అన్న ధోరణిలో రాసిందని రిచీ తర్వాత వివరించాడు. అక్కడ జరుగుతున్నది తమకూ పూర్తిగా అర్థం కాలేదన్నదే అసలు సమస్య అని కూడా ఒప్పుకున్నాడు. అంతటివాళ్లకే ముడిపడిన చోటు అది. వ్యాఖ్యాత అవసరం అలాంటి చోటే పుడుతుంది.

ఇప్పుడు కొత్తవాళ్ల సంగతికి వస్తాను. వాళ్ల దగ్గర ఒక ఆస్తి ఉంది, నిపుణుల దగ్గర అది ఉండదు. నిన్నటి వరకు ఇది నాకు తెలియదు, ఎందుకు తెలియలేదో కూడా గుర్తుంది అన్న జ్ఞాపకమే ఆ ఆస్తి. ఒకసారి అర్థమయ్యాక ఆ జ్ఞాపకం వారం పది రోజుల్లో చెరిగిపోతుంది. ఇందులో ఇబ్బందేముంది అనిపించడం మొదలవుతుంది. అలా అనిపించకముందే కాగితం మీద పెట్టాలి. నన్నడిగితే, ఏ విషయం రాయాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మా చెల్లెలు మొదట తెచ్చిన శీర్షిక ‘పైథాన్‌లో తేదీలు, సమయాలు’. ఆ విషయం దగ్గరికి ఎలా వచ్చావని అడిగాను. ఇక్కడి తెలుగువాళ్లలో జాతకం వేయించుకోవడం మామూలే. పిల్లలు పుట్టిన సమయాన్ని భారత కాలమానంలోకి, గ్రీనిచ్ కాలమానంలోకి మార్చే చిన్న ప్రోగ్రాము ఆమె రాసింది. పెర్త్ గ్రీనిచ్ కంటే ఎనిమిది గంటలు ముందు, భారతదేశం ఐదున్నర గంటలు ముందు. తేడా రెండున్నర గంటలు. హైదరాబాదులో ఉదయం ఏడైతే ఇక్కడ తొమ్మిదిన్నర. ఇంతవరకు లెక్క చక్కగా కుదిరింది. 2008 జనవరిలో ఇక్కడ పుట్టిన ఒక స్నేహితురాలి అబ్బాయి వివరాలు ఇచ్చేసరికి, పైథాన్‌తో వచ్చే జోన్‌ఇన్ఫో లైబ్రరీ ఎనిమిదికి బదులు తొమ్మిది గంటల తేడా చూపించింది. లైబ్రరీలో తప్పుందనుకుంది. రెండు రాత్రులు దానితోనే గడిచాయి.

తప్పు లైబ్రరీలో లేదు. పశ్చిమ ఆస్ట్రేలియా 2006 డిసెంబరులో వేసవి కాలమానాన్ని ప్రయోగంగా మొదలుపెట్టి మూడు వేసవులు పాటించింది. ఆ నెలల్లో గడియారం గంట ముందుకు జరిపారు. 2009 మే 16న ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం వద్దన్నారు. 1975, 1984, 1992లలో కూడా ఇదే ప్రశ్నకు ఇదే జవాబు చెప్పారు. కాబట్టి 2008 జనవరి ఇక్కడివారికి తొమ్మిది గంటల కాలం. లగ్నం సుమారు రెండు గంటలకొకటి మారుతుంది. గంట తప్పితే ఆ అబ్బాయి లగ్నమే మారిపోవచ్చు. ప్రోగ్రాములో ఎనిమిది అనే అంకెను స్థిరంగా రాసి పెట్టుకున్న ప్రతివాళ్లూ ఆ మూడు వేసవుల్లో పుట్టిన పిల్లలకు తప్పుడు సమయమే ఇస్తారు.

“ఇదేనమ్మా నీ వ్యాసం” అన్నాను. “పెర్త్‌లో 2008 జనవరిలో పుట్టిన బిడ్డ జాతకం గంట ఎందుకు తప్పుతుంది? ఈ ప్రశ్నే శీర్షికగా పెట్టు.”

మొదటి శీర్షికకు, దీనికి ఉన్న తేడా చూడండి. అది ఒక శాఖ పేరు, ఇది ఒక ముడి. శాఖ మీద రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఎక్కడ ఆపాలో అంతకంటే తెలియదు. ముడి తనతోపాటు మొదలూ చివరా తెచ్చుకుంటుంది. ఎక్కడ తట్టుకున్నానో అక్కడ మొదలు, ఎలా విడిందో అక్కడ ముగింపు. విషయం ఎంచుకునేటప్పుడు నేను చెప్పే ముఖ్యమైన పరీక్ష ఇదే. దాన్ని ప్రశ్నగా రాయగలమా? రాయలేకపోతే విషయం ఇంకా పండలేదన్నమాట.

ఆమెకు ఉత్సాహం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశంలోనూ గడియారాలు గంట ముందుకు జరిపారని, 1943లో పుట్టిన తాతయ్యకు ఆరున్నర గంటల తేడా వేయాలని తెలుసుకుంది. అదీ ఇందులోనే చేర్చేస్తానంది. నేను వద్దన్నాను. బంగారంలాంటి సంగతే, కానీ ఈ వ్యాసానికి అవసరం లేనిది. మల్లినాథుడి మూడో నియమం అక్కడ పనికొచ్చింది. అది రెండో వ్యాసమైంది.

అన్వయం గురించి కాస్త నిలిచి చెప్పాలి. పద్యంలో పదాలు ఛందస్సు కోసం అటూ ఇటూ ఉంటాయి. కర్త చివర, క్రియ మొదట ఉండొచ్చు. వ్యాఖ్యాత వాటిని వచన క్రమంలోకి తెచ్చి, ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యం ఇస్తాడు. బడిలో మనమంతా చేసిన పనే. కోడు కూడా పద్యంలాంటిదే. ఫైలులో పైనుంచి కిందికి ఉన్న వరుస ఒకటి, యంత్రం నడిచే వరుస ఇంకొకటి. కొత్తవాళ్లు ఫైలు వరుసలో వివరిస్తారు. మొదటి వరుసలో ఇది దిగుమతి చేశాను, రెండో వరుసలో ఫంక్షన్ రాశాను అంటూ పోతారు. చదివేవాడికి ఏమీ పట్టుబడదు. నడక వరుసలో చెబితే అదే కోడు తేటగా కనిపిస్తుంది: సమయం లోపలికొచ్చింది, ఊరి పేరు చూసుకుంది, పట్టికలో ఆ తేదీ వెతికింది, తొమ్మిది అని తెచ్చింది. లయన్స్ కూడా తొలి అధ్యాయాలు దాటగానే యంత్రం మొదలయ్యే ఘట్టాన్నే ఎత్తుకున్నాడు.

మూలంలో లేనిది రాయకపోవడమంటే మన పనిలో నడిపి చూడనిది రాయకపోవడం. వాడిన పైథాన్ వెర్షను ఏది, ఏం టైపు చేస్తే ఏం వచ్చింది, వచ్చిన ఎర్రరు మాటలు అక్షరం పొల్లుపోకుండా ఏమిటి. ఈ నిజాయితీ పెద్దలకూ అలంకారమే. డోనాల్డ్ కనూత్ టెక్ అనే అక్షర కూర్పు వ్యవస్థను తయారుచేస్తూ, 1978 నుంచి అందులో దొరికిన ప్రతి తప్పునూ చిట్టాలో రాసుకున్నాడు. 1989లో ఆ చిట్టాను వివరణతో సహా ప్రచురించాడు. ఎనిమిది వందలకు పైగా తప్పులు. మొదటి ఎర్రరు రాసి చూపించడానికి సిగ్గుపడే పిల్లలకు నేను ఈ సంగతే చెబుతాను.

ఇంకా తెలియని దశలో రాయొచ్చా అన్న బెంగకు కూడా జవాబుంది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ నియమాలను మొదట కాగితం మీద పెట్టింది విద్యార్థులే. వాళ్లలో స్టీవ్ క్రాకర్ లాస్ ఏంజెలెస్‌లో 1969 ఏప్రిల్ 7న మొదటి పత్రం రాశాడు. పెద్దవాళ్ల అధికారంలో తలదూర్చినట్టు ఉండకూడదని, దానికి ‘అభిప్రాయాల కోసం మనవి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. నగిషీ కంటే వేళకు అందడం ముఖ్యమని, జవాబు లేని ప్రశ్న ఒక్కటే ఉన్నా పంపవచ్చని మూడో పత్రంలోనే మర్యాదలు నిర్ణయించుకున్నారు. ఆ పేరుతో పత్రాలు నేటికీ వస్తున్నాయి, వేల సంఖ్యకు చేరాయి.

తెలుగువాళ్లమైనందుకు మనకు దొరికే ముడులు వేరే ఉన్నాయి. వాటి మీద నాకు మమకారం ఎక్కువ. ‘స్త్రీ’ అని రాసి దాని పొడవెంత అని పైథాన్‌ను అడగండి. ఆరు అంటుంది. కంటికి కనిపించేది ఒక్క అక్షరం. యూనికోడ్ లోపల అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, పైన గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాస్తే ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది. ఇంగ్లీషు పదాలతో నేర్పే పాఠంలో మాటను తిరగేయడం ఒక వరుస పని. ‘స్త్రీ’ని తిరగేస్తే గుడిదీర్ఘం ముందుకొచ్చి, పట్టుకోవడానికి హల్లు లేక గాలిలో నిలుస్తుంది. ఒత్తులూ గుణింతాలూ ఒకటో తరగతిలో దిద్దిన మనకు ఇది ఎందుకిలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఆ ఊహ మరో భాషవాడికి అంత తొందరగా రాదు.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చిందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. ‘జ్ఞా’లో ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనబడకుండా అక్షరాలను కలవనివ్వని గుర్తు ఒకటి దూరితే, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. అదే నెల 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. చాలామంది దాన్ని వింతగా చెప్పుకుని వదిలేశారు. మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజినీరు మాత్రం ఈ ఒక్క అక్షరమేనా, ఇంకేవైనా ఉన్నాయా అని ప్రశ్న వేసుకున్నాడు. తెలుగు, బెంగాలీ, దేవనాగరి లిపుల సంయుక్తాక్షరాలను పరీక్షించి, ఏ అమరికలో ఉన్నవి కూలుస్తున్నాయో వ్యాసంగా రాశాడు. ఆ వ్యాసం చదివినప్పుడు ఆనందించాను. మన పిల్లల్లో ఎవరైనా రాయాల్సిన వ్యాసం కదా అని ఆరాటపడ్డాను కూడా.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఇలాంటి నాలుగు వ్యాసాలు చూపిస్తే, ఎదుటివారికి మనిషి ఆలోచన తీరు తెలుస్తుంది. అది నిజమే, చిన్న లాభమేం కాదు. నాకు అంతకంటే విలువైనది ఇంకొకటి కనిపిస్తుంది. ముడి కోసం వెతకడం అలవాటైనవాళ్లు అర్థంకాని దాన్ని చూసి జంకడం మానేస్తారు. మా చెల్లెలు ఇప్పుడు ఎర్రరు వస్తే ముందు నోటుపుస్తకం తీస్తుంది. ఎడమ పేజీలో తను ఏం జరుగుతుందనుకుందో రాస్తుంది, కుడి పేజీలో ఏం జరిగిందో. రెండూ వేరైన ప్రతి చోటా ఒక చుక్క పెడుతుంది. నెలాఖరుకు ఆ చుక్కల్లోంచి ఒకటి ఎంచుకుంటుంది.

మొన్న ఆమె చూపించిన చుక్క ఉగాది మీద. తిథి మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒక్కటే, కానీ పండుగ సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి. మార్చి చివర్లో పెర్త్‌లో ఆరుంబావు దాటాక సూర్యుడొస్తాడు, అప్పటికి హైదరాబాదులో నాలుగు కూడా కాదు. పాడ్యమి అక్కడ తెల్లవారుజామున ఐదింటికి మొదలైతే, హైదరాబాదు సూర్యోదయానికి పాడ్యమి ఉంటుంది, మా సూర్యోదయానికి ఇంకా అమావాస్యే. మరి పియారా వాటర్స్‌లో పచ్చడి ఆ రోజు కలపాలా, మర్నాడా?

“దీనికి జవాబు ఇంకా రాలేదన్నయ్యా” అంది. ఎడమ పేజీ నిండింది. కుడి పేజీలో తేదీ మాత్రం వేసి ఉంది.